పరిచర్యావృత్తికి కావలసిన యోగ్యత: వినుట, వ్రాయుట, అప్పగించుట

ఏటా వార్షిక పరీక్షలు ముగిసిన తరువాత మా తెలుగు శాఖ గదికి విద్యార్థినీ విద్యార్థులు కాండక్ట్ సర్టిఫికెట్ల కొరకు వస్తూ ఉంటారు. "ఏ ఉద్యోగానికి?" అని అడగడం మాకు అలవాటు. ఒకప్పుడు ఎక్కువమంది ఉపాధ్యాయ శిక్షణ అనేవారు. కొన్ని సంవత్సరాలుగా "ఆసుపత్రిలో సార్" అనే సమాధానం తరచుగా వింటున్నాము. కొందరు నర్సింగు చదవబోతున్నారు. కొందరు ల్యాబులో చేరుతున్నారు. కొందరు రోగుల పేర్లు నమోదు చేసుకొనే కౌంటరులోను, మరికొందరు వృద్ధులకు ఇంటివద్ద పరిచర్య చేసే సంస్థలలోను చేరుతున్నారు. వారిలో పలువురు పోతూ పోతూ ఒకే ప్రశ్న వేస్తారు: "ఇంటర్వ్యూలో ఏమి అడుగుతారు?"

ఈ ప్రశ్నకు బదులు చెప్పే అధికారం వైద్యశాస్త్రం చదివినవారికే ఉన్నదని, భాష బోధించే మాకు లేదని మొదట మేము అనుకొన్నాము. అయితే చేరిన ఆరు నెలలకే ఉద్యోగం మానుకొని వచ్చిన మన విద్యార్థులతో మాట్లాడినప్పుడు ఒక విషయం గమనించాము. సూది వేయడం రాక ఉద్యోగం పోగొట్టుకొన్నవారు వారిలో లేరు. సూది వేయడం నేర్పితే వచ్చును. రోగి చెప్పినది సరిగా వినకపోవడం, విన్నది సరిగా వ్రాయకపోవడం, వ్రాసినది తరువాతి షిఫ్టువారికి సరిగా అప్పగించకపోవడం, ఇవే వారి కష్టాలకు మూలము. ఈ మూడును భాషకు సంబంధించినవే. కావున ఈ వ్యాసం వ్రాయుటకు సాహసిస్తున్నాము.

ముందుగా ఈ వృత్తులలో ప్రవేశమార్గాలను క్లుప్తంగా చెప్పుకొందాము. మన దేశంలో నర్సింగు విద్య 1947 నాటి భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం ననుసరించి నడుస్తూ వచ్చింది. ఏ.ఎన్.ఎం. శిక్షణ రెండేండ్లు, జి.ఎన్.ఎం. మూడేండ్లు, బి.ఎస్‌సి. నర్సింగు నాలుగేండ్లు. చదువు ముగిసిన తరువాత రాష్ట్ర కౌన్సిలులో పేరు నమోదు కానిదే నర్సుగా పనిచేయరాదు. ల్యాబ్ టెక్నీషియన్లు, ఫిజియోథెరపిస్టులు మొదలైన అనుబంధ వృత్తుల కొరకు 2021లో ప్రత్యేక చట్టం వచ్చింది. జనరల్ డ్యూటీ అసిస్టెంటు వంటి పనులకు కొన్ని నెలల శిక్షణ చాలును. ఇక పల్లెలలో అంగన్‌వాడీ వ్యవస్థ 1975 అక్టోబరు 2న ప్రారంభమైంది. ఆశా కార్యకర్తల వ్యవస్థ 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చింది. సుమారు వెయ్యిమంది జనాభాకు ఒక ఆశా కార్యకర్త అని ఆనాటి లెక్క. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఆశా కార్యకర్తలను అంతర్జాతీయ పురస్కారంతో గౌరవించింది. 108 అంబులెన్సు సేవ మొదటగా హైదరాబాదులోనే 2005 ఆగస్టు 15న ఆరంభమైన సంగతి మన పాఠకులకు తెలిసినదే.

ఇవన్నీ ద్వారాలు. ద్వారం దాటినవారు లోపల నిలువగలుగుతారా లేదా అన్నది వేరు సంగతి.

వినుట

ఫ్లారెన్సు నైటింగేలు పేరు వినని వారుండరు. 1854లో క్రిమియా యుద్ధకాలాన స్కుటారీ సైనిక వైద్యశాలలో దీపం పట్టుకొని తిరిగిన దయామూర్తిగా ఆమెను మన పాఠ్యపుస్తకాలు చూపించినవి. ఆ చిత్రం అసత్యం కాదు గాని అసంపూర్ణం. ఆమె లెక్కలు వేసిన మనిషి, ప్రశ్న అడగడం తెలిసిన మనిషి. నర్సింగును గూర్చి 1859లో వెలువడిన ఆమె చిన్న గ్రంథంలో రోగిని గమనించుటను గురించి ఒక ప్రకరణం ఉన్నది. "రాత్రి బాగా నిద్రపట్టిందా?" అని అడగడం పనికిరాదని ఆమె అందులో వాదించింది. ఒకనికి పది గంటల నిద్ర లేకపోతే అది చెడ్డ రాత్రి. మరొకనికి నడుమ నడుమ రెండు మూడు కునుకులు పడితే అదే మంచి రాత్రి. కావున ఎన్ని గంటలు నిద్రించాడు, ఏ వేళలలో నిద్రించాడు అని అడగవలెనన్నది ఆమె మాటల సారాంశం. రోగిచేత "అవును" అనిపించే ప్రశ్న ప్రశ్నయే కాదు.

మన ఆసుపత్రులలో ఈ పాఠం ఎంత అవసరమో చూడండి. "నొప్పి ఉందా అవ్వా?" అంటే ఉన్నదంటుంది. కాని తెలుగులో నొప్పి ఒకటేనా? పోటు వేరు, సలుపు వేరు, మంట వేరు, తీపు వేరు, గుంజుడు వేరు. కురుపు సలుపుతుంది; పన్ను పోటు పెడుతుంది; పిక్కలు గుంజుతాయి; నడిచి నడిచి కాళ్ళు తీపులు తీస్తాయి. నిఘంటువు ఎన్నడూ చూడని ముసలమ్మ ఈ భేదాలను పొరపాటు లేకుండా పాటిస్తుంది. ఆమె అన్న మాటను చెరిపి కేసుషీటులో "నొప్పి" అని మాత్రమే వ్రాసుకొన్నవారు ఆమె ఇచ్చిన సమాచారంలో సగం పారబోసినట్లే.

"తల తిరుగుతున్నది" అన్న మాట మరీ చిక్కైనది. గది అంతా గిర్రున తిరిగినట్లు అనిపించడం ఒకటి. అది చెవి లోపలి భాగానికి సంబంధించినది కావచ్చును. మంచం మీదినుండి లేవగానే కళ్ళు చీకట్లు కమ్మడం మరొకటి. అది రక్తపోటు తగ్గినందువలన కావచ్చును. చెమటలు పట్టి, చేతులు వణకి, ఆకలి వేసి తల తేలిపోవడం ఇంకొకటి. మధుమేహ రోగికైతే చక్కెర 70కి దిగువకు పడిపోయిందేమోనని తక్షణమే పరీక్షించవలెను. మూడింటికీ మనవారు వాడేది ఆ ఒక్క మాటనే. నిర్ణయం వైద్యునిదే, సందేహం లేదు. కాని "తిరగడం అంటే ఎట్లా తిరగడం? లేచినప్పుడా, పడుకొన్నప్పుడా?" అని అడిగి ఆ జవాబును వైద్యునికి చేర్చవలసినవారు మంచం పక్కన ఉన్నవారే.

"గ్యాస్" అన్న మాట కూడా తక్కువది కాదు. గుండెల్లో బరువుగా ఉన్నా గ్యాసే, వీపులో పట్టినట్లున్నా గ్యాసే. ఇంటివారు సోడా తాగించి, వాము నమిలించి, తెల్లవారేదాకా చూస్తారు. వచ్చిన రోగి "గ్యాస్" అని తానే రోగనిర్ణయం చేసి చెప్పినప్పుడు దానిని అట్లే వ్రాసుకోరాదు. గ్యాస్ అన్నది రోగి అభిప్రాయం. ఎక్కడ, ఎప్పటినుండి, ఎటు పాకుతున్నది, నడిస్తే పెరుగుతున్నదా, ఇవి సంగతులు. అభిప్రాయానికి, సంగతికి గల భేదం తెలియడమే వినుటలో మొదటి మెట్టు.

కాలాన్ని గురించిన మాటలు మరొక గండం. ఉర్దూలో "కల్" అంటే నిన్న. "కల్" అంటే రేపు కూడా. "పర్సోఁ" అంటే మొన్న, ఎల్లుండి కూడా. క్రియను బట్టి అర్థం తెలుస్తుంది గాని, సగం మాటే వినే అలవాటున్న వారికి క్రియ దాకా ఓపిక ఉండదు! పల్లె నుండి వచ్చినవారు "మాపటినుండి" అంటారు, "పొద్దుగూకినాక" అంటారు. వీటిని గంటలలోకి మార్చి వ్రాయవలెను. ఇది ఛాదస్తం కాదు. మూతి వంకరపోయి చెయ్యి పడిపోయిన రోగి విషయంలో, రక్తపు గడ్డను కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటల లోపలనే ఇస్తారు. ఆ లెక్క ఇంటివారు చూచిన క్షణం నుండి కాదు, రోగి చివరిసారి బాగుగా ఉన్న క్షణం నుండి. "పొద్దున లేచేసరికి ఇట్లా ఉన్నాడు" అన్న మాట చాలదు. "రాత్రి ఎన్నింటికి పడుకొన్నాడు? నడుమ లేచినాడా? లేచినప్పుడు ఎవరితోనైనా మాట్లాడినాడా?" అని అడగాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, కోడలితో మాట్లాడి, నీళ్ళు తాగి మళ్ళీ పడుకొన్నాడన్న ఒక్క సంగతి బయటపడితే చికిత్సయే మారిపోవచ్చును.

స్త్రీల వార్డు సంగతి చెప్పనే అక్కరలేదు. "నెల తప్పింది," "తెల్లబట్ట అవుతున్నది," "ఉమ్మనీరు పోయింది" అన్న మాటలు మగవారి ఎదుట నోరు దాటవు. నిండు చూలాలు "తడిగా ఉన్నది" అని మాత్రమే అంటుంది. అది మూత్రమా, ఉమ్మనీరా అని పక్కకు తీసుకుపోయి, గొంతు తగ్గించి అడిగే ఆడమనిషి ఒకతె ఆ వార్డులో ఉండడం ఎంత మేలో తల్లులకు తెలుసును. మన కళాశాలలో చదువుకొన్న ఆడపిల్లలు ఇటు తెలుగులోను, అటు ఉర్దూలోను అట్లా అడగగలరు. ఈ రెండు భాషల అబ్బడిని వారు తమ దరఖాస్తులో ఒక మూల "తెలిసిన భాషలు" అన్న గీత మీద వ్రాసి ఊరుకొంటున్నారు. ఇంటర్వ్యూలో మొదట చెప్పవలసినది అదే అని మా అభిప్రాయం.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. కొన్ని సంవత్సరాల క్రితం మా మేనత్తగారిని, అనగా మేము ఫుప్పీ అని పిలిచే మా తండ్రిగారి అక్కను, ఒక ఆసుపత్రిలో చేర్పించాము. ఆమెకు డెబ్బై ఏండ్లు దాటినవి, మధుమేహం పాతది, జ్వరం తగ్గక చేర్చినాము. ఆమెకు తెలుగు అర్థమవుతుంది గాని బాధ కలిగినప్పుడు నోట ఉర్దూయే వస్తుంది. రెండవ నాటి సాయంకాలం ఆమె ఆయాను పిలిచి "దిల్ ఘబ్రా రహా హై బేటీ" అన్నది. ఆయాకు ఉర్దూ కొద్దిగా వచ్చు. ఆమె వెళ్ళి సిస్టరుతో "ముసలమ్మ భయపడుతున్నది" అని చెప్పింది. కొత్తచోటు కదా అని సిస్టరు వచ్చి, భుజం తట్టి, ధైర్యం చెప్పి వెళ్ళింది. ఆ షిఫ్టు పుస్తకంలో "రోగి ఆందోళనగా ఉన్నారు, ధైర్యం చెప్పబడినది" అని వ్రాసి ఉండడం తరువాత మేము చూచాము.

ఘబ్రాహట్ అనే పదానికి నిఘంటువులో భయం, కంగారు అనే అర్థం ఉన్నమాట నిజమే. కాని మన ఇళ్ళలో పెద్దవారు దిల్ ఘబ్రా రహా హై అన్నప్పుడు, భయమన్న అర్థం అందులో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. గుండె దడదడ కొట్టుకోవడం, ఊపిరి ఆడనట్లుండడం, ఒళ్ళంతా చెమట పట్టి కూలబడిపోతామేమో అనిపించడం, ఇవన్నీ ఆ మాటలో ఉన్నవి. స్త్రీలలోను, వృద్ధులలోను, మధుమేహం ఉన్నవారిలోను గుండెపోటు రొమ్మునొప్పి లేకుండానే రావచ్చునని, ఆయాసం, వికారం, నీరసం మాత్రమే కనిపించవచ్చునని వైద్యులు చెబుతారు. మా ఫుప్పీకి జరిగినది అదే. రాత్రి పదకొండు గంటలకు షిఫ్టు మారిన తరువాత వచ్చిన ఒక చిన్న వయసు నర్సు మంచం పక్కన కూర్చొని, "భయమా అమ్మా? ఇక్కడ ఎట్లా ఉన్నది?" అని తన రొమ్ము మీద చెయ్యి పెట్టి చూపి అడిగింది. ఆ పిల్లకు ఉర్దూ రాదు. అడగడం వచ్చును. పదిహేను నిమిషాలలో ఈసీజీ తీశారు.

ఫుప్పీ బ్రతికింది. గుండె మాత్రం బలహీనపడింది, మెట్లు ఎక్కలేదు. నాలుగైదు గంటల ముందుగా తెలిసి ఉంటే ఇంత నష్టం జరిగి ఉండేది కాదని వైద్యులు అన్నారు. ఆ ఆయా మీద గాని, ఆ సిస్టరు మీద గాని మాకు కోపం లేదు. ఆయాకు ఎవరూ ఏమీ నేర్పలేదు. ఒక భాషలోని మాటను మరొక భాషలోనికి తిప్పేటప్పుడు మూలపదాన్ని కూడా అట్లే ఉంచి చెప్పవలెనని, "ఘబ్రాహట్ అంటున్నది, నాకు భయం అనిపించింది" అనవలెనని ఆమెకు చెప్పవలసిన వారు చెప్పలేదు. ఆ చెప్పవలసిన వారిలో భాష బోధించే మేమూ ఉన్నాము.

హైదరాబాదులో 1917లో అనువాద సంస్థ నెలకొల్పబడి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడి, ఉర్దూ మాధ్యమంలో వైద్యవిద్యను సైతం బోధించిన చరిత్ర మనకున్నది. శాస్త్రగ్రంథాలకు పదాలు కూర్చిన ఆ పండితుల శ్రమ అపారం. అది వైద్యుని భాష. రోగి భాషను మాత్రం వార్డులోనే నేర్చుకోవలెను.

పిలుపును గురించి కూడా ఒక మాట. "పన్నెండో నంబరు" అని పిలిస్తే రోగి పలుకుతాడు, కాని చెప్పవలసినది చెప్పడు. తాతా, పెద్దమ్మా, ఖాలా, చాచా అనడానికి ఖర్చేమీ లేదు. అయితే వరుస కలిపి పిలిచి, ఏకవచనంలో గద్దించేవారిని కూడా చూచాము. వరుస పక్కన "మీరు" ఉండవలెను.

వ్రాయుట

వ్రాతలో మొదటి నియమం: చేసిన తరువాతనే వ్రాయవలెను. ఆరు గంటల మందు ఇచ్చినట్లు అయిదింటికే వ్రాసిపెట్టి, తరువాత తీరిక దొరకక ఇవ్వకపోతే ఆ కాగితం అబద్ధమాడుతుంది. దాన్ని నమ్మి వైద్యుడు మోతాదు పెంచవచ్చును. తప్పు వ్రాస్తే తెల్లరంగు పూయరాదు, గీకి చెరపరాదు; చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, పక్కన సరియైనది వ్రాసి, సంతకం, వేళ వేయవలెను. దాచిన తప్పు కంటె కనిపించే తప్పు వలన అపాయం తక్కువ.

అంకెల విషయంలో లోకమంతటా అనుభవం మీద తెలిసిన కొన్ని జాగ్రత్తలున్నవి. అర మిల్లీగ్రామును చుక్క, అయిదు అని వ్రాస్తే చుక్క కనబడక అయిదు కాగలదు; ముందు సున్న తప్పక ఉండవలెను, 0.5 అని. ఒకటిని 1.0 అని వ్రాస్తే చుక్క చెరిగి పది కాగలదు. అక్కడ సున్న తప్పక ఉండరాదు. ఇన్సులిను వ్రాసేటప్పుడు యూనిట్ అన్న మాటను పూర్తిగా వ్రాయక ఆంగ్లంలో మొదటి అక్షరం ఒక్కటే వ్రాస్తే, అది సున్నవలె కనబడి నాలుగు యూనిట్లు నలభై కాగలవు. మన ఊళ్ళలో మరొక చిక్కు. పాతకాలపు ఉర్దూ చదువరులు ఇంటివద్ద మందుల పట్టీని ఉర్దూ అంకెలలో వ్రాసుకొంటారు. ఆ లిపిలో అయిదు, తెలియనివారి కంటికి సున్నను పోలి ఉంటుంది. అసలు సున్నయేమో ఒక చుక్క! అట్టి పట్టీ చేతికి వచ్చినప్పుడు ఊహించి చదవక, చదవగలిగినవారిని పిలవవలెను. మన విద్యార్థులైతే వారే చదవగలరు.

మందు వేళలు చెప్పేటప్పుడు "పరగడుపున" అంటే తెలుగువారికి, "నిహార్ మూఁహ్" అంటే ఉర్దూవారికి వెంటనే తెలుస్తుంది. "ఎంప్టీ స్టమక్" అంటే ఇద్దరికీ తెలియదు, తల మాత్రం ఊపుతారు. రంజాను నెలలో మధుమేహ రోగి ఉపవాసం ఉంటున్నాడా అని ముందే అడిగి వైద్యునికి తెలుపవలెను; సెహరీకి, ఇఫ్తారుకు తగినట్లు మందును మార్చవలసినది వైద్యుడే గాని రోగి కాదు. అడగనందువలన రోగి తానే మార్చుకొంటాడు, లేదా మానుకొంటాడు. చెప్పినదంతా చెప్పిన తరువాత "అర్థమైందా?" అని అడగవద్దు. "ఇంటికి పోయి ఈ మాత్రలు ఎట్లా వేసుకొంటారో నాకు ఒకసారి చెప్పండి" అని రోగిచేతనే చెప్పించవలెను. నైటింగేలు చెప్పిన సూత్రమే ఇది, మరొక రూపంలో.

అప్పగించుట

వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు 1847లో ప్రసూతి వార్డుకు పోయే వైద్యులు క్లోరిను ద్రావణంతో చేతులు కడుగుకొనవలెనని నియమం పెట్టాడు. ఏప్రిల్ నెలలో నూటికి 18 మంది బాలింతలు మరణించిన ఆ వార్డులో జూను నాటికి మరణాలు నూటికి 2కు దిగినవి. ఇంత గొప్ప సంగతిని ఆయన వెంటనే గ్రంథంగా వ్రాయలేదు. పూర్తి గ్రంథం వెలువడే సరికి 1861 వచ్చింది. అందులోను వాదన కంటె నింద ఎక్కువగా ఉన్నది. తోటి వైద్యులు నమ్మలేదు. దోషమంతా ఆయనదే అని మేము అనము. వినదలచనివారి దోషమూ ఉన్నది. కాని తెలిసినదాన్ని తెలియజెప్పలేకపోతే ఎన్ని ప్రాణాలు పోగలవో ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు. ఈనాడు సబ్బు, నీటితో 40 నుండి 60 సెకండ్లు చేతులు కడుగుకోవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇంటర్వ్యూలో చేతులు కడిగి చూపించమని అడుగుతారు కూడా. బొటనవ్రేళ్ళను మరచిపోయే వారే ఎక్కువ!

ఇక షిఫ్టు మారేటప్పుడు గాని, రాత్రివేళ వైద్యునికి ఫోను చేసినప్పుడు గాని ఏ క్రమంలో చెప్పవలెను? అమెరికా నౌకాదళపు జలాంతర్గాములలో వాడుకలో ఉన్న ఒక పద్ధతిని అక్కడి వైద్యులు ఆసుపత్రులకు అనువుగా మలిచారు. అందులో నాలుగు భాగాలు: ఇప్పటి స్థితి, పూర్వరంగం, నా అంచనా, నా కోరిక. నిద్రలేచిన వైద్యునితో "సార్, ఆరో బెడ్ పేషెంటు ఏదోగా ఉంది" అంటే ఆయన "చూస్తూ ఉండు" అంటాడు. అదే సంగతిని ఇట్లా చెప్పవచ్చును:

"డాక్టరుగారూ, స్త్రీల వార్డు నుండి సిస్టరును మాట్లాడుతున్నాను. ఆరో మంచం మీది రోగికి పది నిమిషాలుగా ఆయాసం పెరిగింది. ఆమెకు నిన్న సాయంకాలం పిత్తాశయపు ఆపరేషను జరిగింది, మధుమేహం ఉన్నది. ఇప్పుడు నిమిషానికి శ్వాస 28, నాడి 118, ఆక్సిజను 89. ఊపిరితిత్తులలో ఏదో ఇబ్బంది కలిగిందని నా అనుమానం. మీరు వెంటనే వచ్చి చూడవలెను. వచ్చేలోపల ఆక్సిజను మొదలుపెట్టమంటారా?"

అర నిమిషం కూడా పట్టదు. మన పిల్లలకు మొదటి రెండు భాగాలు సులభంగానే వస్తున్నవి. మూడవది, నాలుగవది దగ్గర గొంతు తగ్గిపోతున్నది. పెద్దవారి ఎదుట "నా అనుమానం" అనడం, "మీరు రావలెను" అనడం అవిధేయత అని మనమే చిన్ననాటినుండి నేర్పినాము. తరగతి గదిలో ప్రశ్న అడిగిన పిల్లను కూర్చోబెట్టిన అధ్యాపకులు మాలోనూ ఉన్నారు. మర్యాదగా అడగడం, గట్టిగా అడగడం ఒకదానికొకటి విరోధం కావని మేము ఇప్పుడు నేర్పవలసి వస్తున్నది. వైద్యుడు ఫోనులో మందు చెబితే దానిని తిరిగి చదివి వినిపించి "సరేనా డాక్టరుగారూ?" అని నిర్ధారించుకోవడం కూడా ఇందులో భాగమే.

అప్పగించవలసినది ఒకటైతే, అప్పగించరానిది మరొకటి. వార్డులో విన్నది వీధిలో చెప్పరాదు. మన గల్లీలలో ఎవరి కోడలు ఏ ఆసుపత్రికి పోయిందో సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. ఎయిడ్స్ రోగుల విషయంలో అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టం స్పష్టంగా నిషేధించింది. ఇతర రోగుల విషయంలోనూ మర్యాద వేరు కాదు. సెల్‌ఫోనులో వార్డు ఫోటో తీసి బంధువులకు పంపడం చాలామంది తప్పుగానే భావించడం లేదు. ఉద్యోగాలు ఊడినవి దీనివలన కూడా.

మరొక సంగతిని దాచి ఈ వ్యాసం ముగించడం న్యాయం కాదు. యోగ్యత సంపాదించుకొంటే చాలు, అన్నీ సమకూరుతాయని కొన్ని శిక్షణ సంస్థల కరపత్రాలు చెబుతున్నవి. అది సగం నిజం. ఆశా కార్యకర్తలు ప్రభుత్వ పరిభాషలో ఉద్యోగులు కారు, స్వచ్ఛంద కార్యకర్తలు. వారికి లభించేది పారితోషికమే గాని జీతం కాదు. ఇంటివద్ద వృద్ధులను చూచుకొనే పిల్లలకు పన్నెండు గంటల డ్యూటీ సాధారణం. రాత్రి షిఫ్టు ముగిసి ఆడపిల్ల ఇంటికి ఎట్లా చేరుతుందో ఆలోచించని యజమాన్యాలున్నవి. కావున చేరేముందు జీతం, పనిగంటలు, వారాంతపు సెలవు, వాహన సౌకర్యం కాగితం మీద వ్రాయించుకొనుటయు ఒక నైపుణ్యమే. రోగి మాట శ్రద్ధగా వినమని చెప్పేవారు పరిచారిక మాట కూడా వినవలెను. విదేశాలకు పోదలచినవారు అక్కడి భాషాపరీక్షలను గుర్తుంచుకోవలెను. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందడానికి సాధారణంగా జర్మను భాషలో బి2 స్థాయి కావలెను. ఏ దేశమైనా మొదట అడుగుతున్నది మాటనే.

గత సంవత్సరం నుండి మేము శనివారం మధ్యాహ్నాలలో ఉర్దూ శాఖవారితో కలిసి ఒక అభ్యాసం నడుపుతున్నాము. ఒకరు రోగి, తన బాధను ఉర్దూలోనో, ఊరి తెలుగులోనో చెబుతారు. రెండవవారు మూడు ప్రశ్నలు మాత్రమే అడిగి అయిదు పంక్తులు వ్రాస్తారు. మూడవవారు ఆ అయిదు పంక్తులను చూచి ఫోనులో వైద్యునికి చెబుతారు. చివరికి రోగిని అడుగుతాము, "నీవు చెప్పినది ఇదేనా?" అని. మొదటి వారాలలో కాదన్న సమాధానమే ఎక్కువగా వచ్చింది. ఒకనాడు మా ఫుప్పీయే వచ్చి రోగిగా కూర్చొన్నది. ఆమె మాటను మూడు జట్లు మూడు విధాలుగా వ్రాసినవి. ఆమె నవ్వి నవ్వి ఆయాసపడితే మేము కంగారుపడ్డాము.

ఈ అభ్యాసంలో దొరికిన మాటలను ఒక నోటుపుస్తకంలో రెండు లిపులలోను వ్రాస్తున్నాము. రోగి అన్న మాట, ఏ ఊరి మాట, అడగవలసిన ప్రశ్న అని మూడు గళ్ళు. పుస్తకం గ్రంథాలయంలో లైబ్రేరియనుగారి బల్ల మీద ఉన్నది. మీ ఇంట అవ్వ గాని, నానీ గాని జ్వరం వచ్చినప్పుడు ఏ మాట అంటుందో విని, దానిని ఆమె అన్నట్లే, మార్చకుండా, వచ్చి అందులో వ్రాయవలసినదిగా కోరుతున్నాము.